ఆడుతుండగా ఒక్కటి

విజయవాడలో నాట్య ఛాయాచిత్రాల ప్రదర్శన పెట్టారని పేపర్లో చూసి పొద్దున్నే తిరువూరులో బస్సెక్కాను. ఎ.కొండూరు, మైలవరం, ఇబ్రహీంపట్నం. ఈ దారి నాకు కొత్త కాదు. ఒకప్పుడు పెళ్ళిళ్ళ రోల్స్ కలర్ ల్యాబులో ఇచ్చి రావటానికి వారానికి రెండుసార్లు తిరిగేవాణ్ని. లైటింగు గురించి నాలుగు మెళకువలు తెలుస్తాయేమోనని వెళ్ళాను, అంతకుమించి ఏమీ లేదు.

హాల్లో చివరి గోడ మీదున్న ఒక నలుపు తెలుపు ఫోటో దగ్గర ఆగిపోయాను. భామాకలాపం. ఇద్దరు తెర పట్టుకున్నారు. సత్యభామ తెర వెనక ఉంది, ముఖం కనపడదు. జడ ఒక్కటే తెర మీదుగా ఇవతలికి వస్తోంది, కొస ఇంకా గాలిలోనే ఉంది. అభినయంలో నన్ను ఓడించగలవాళ్ళుంటే వచ్చి ఈ జడ కోయండని సత్యభామ వేషం కట్టిన నటుడు సభకు విసిరే సవాలు అది.

ఆ ఫోటో ఎంత కష్టమో నా వృత్తివాళ్ళకు తెలుస్తుంది. రోల్ కెమెరాలో బటన్ నొక్కగానే లోపలి అద్దం పైకి లేస్తుంది, ఆ రెప్పపాటు కంటి ముందు చీకటే. ఏ క్షణాన్ని తీశామో దాన్ని మనం చూడం. చూసి నొక్కితే ఆలస్యమైపోతుంది. అంటే తీసినాయన దరువు వింటూ, జతి ఎక్కడ ముగుస్తుందో లెక్క కట్టుకుంటూ, జడ లేవకముందే నొక్కాడు. చెవితో తీసిన ఫోటో అది. నేను అంతకాలం కెమెరా పట్టుకుని ఒక్కనాడూ పాట వినలేదు. సన్నాయి వాయిస్తుంటే తాళిబొట్టు వైపే చూశాను.

అక్కడ నిలబడి ఉండగానే 1994 దసరా గుర్తొచ్చింది.

ఆ ఏడు మా పందిట్లో భామాకలాపం ఆడటానికి కూచిపూడి నుంచి ఒక మేళం వచ్చింది. సత్యభామ వేషం కట్టినాయనకు అరవై దాటి ఉంటాయి. తడికె వెనక బల్ల మీద కూర్చుని, చిన్న అద్దం మోకాళ్ళ మధ్య పెట్టుకుని కాటుక దిద్దుకుంటున్నాడు. కుర్రాళ్ళు తొంగిచూసి నవ్వుకుంటుంటే నేనూ నవ్వాను. ఆయన విన్నాడు కూడా. అయినా నన్ను పిలిచి, “నాయనా, ఆడుతుండగా ఒక్కటి తియ్యవూ? చిన్నప్పట్నించీ ఈ వేషం కడుతున్నా. అద్దంలో చూసుకోవటమే గానీ ఆడేటప్పుడు ఎట్టా ఉంటానో నాకు తెలవదు” అన్నాడు. కరపత్రం వెనక చిరునామా రాసిచ్చాడు. “అట్టాగే గురువుగారూ” అన్నాను.

నా రోల్లో ముప్పై ఆరు ఫ్రేములు. చందాదారుల సన్మానాలు ఒక్కటి కూడా పోకూడదని కమిటీవాళ్ళు ముందే చెప్పారు. వేషం మీద ఉన్నప్పుడు తడికె దగ్గరే ఆయన్ని నిలబెట్టి, “కదలకండి” అని నాలుగు కొట్టి బాధ్యత తీరిందనుకున్నాను. ఆట మొదలయ్యాక నేను శాలువాల దగ్గరున్నాను. ఆయన జడ ఎప్పుడు విసిరాడో చూడలేదు.

ఆ నాలుగూ అయినా పంపానా? కార్తీకంలో పెళ్ళిళ్ళన్నాను, తర్వాత సంక్రాంతి అన్నాను. ఏడాది దాటాక పంపటానికి సిగ్గనిపించింది. ఖర్చు నాలుగు పోస్టుకార్డు సైజు ప్రింట్లు, ఒక కవరు. లోలోపల నేననుకున్నది మాత్రం వేరు: ఆడవేషం కట్టే ముసలాయన, ఆయనకు ఫోటో ఎందుకు? ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

పేరున్నవాళ్ళకు ఫోటోలు మిగిలాయి. వెంపటి చినసత్యం గారు, వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఇద్దరూ 2012లోనే వెళ్ళిపోయినా, సత్యభామగా శర్మ గారు ఎలా నిలబడేవారో ఇవాళ్టి పిల్లలు చూడగలరు. సునీల్ కొఠారీ రాసిన కూచిపూడి పుస్తకానికి ఢిల్లీలో ఉండే అవినాశ్ పస్రీచా ఫోటోలు తీశారు. ఊరూరా పందిళ్ళలో ఆడి వెళ్ళిపోయిన మేళాల కోసం మాత్రం ఢిల్లీ నుంచి ఎవరూ రారు. వాళ్ళను తీయవలసింది నాలాంటివాడే. 2022లో జిల్లా విడిపోయి తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది గానీ, అంతకుముందు మాదీ కూచిపూడిదీ ఒకటే జిల్లా. అంత దగ్గరలో ఉండి కూడా నేను తీయలేదు.

ఆ ప్రదర్శనలోనూ ఒకటి గుచ్చుకుంది. ప్రతి ఫోటో కిందా తీసినవారి పేరుంది. తెర పట్టిన ఆ ఇద్దరి పేర్లు లేవు, మద్దెల వాయించినవారి పేరు లేదు. తప్పుపట్టే అర్హత నాకు లేదు. సత్యభామ కట్టినాయన పేరే నేను మరిచిపోయాను.

ఇంటికొచ్చి అటక మీది రేకుపెట్టె దించాను. చెమ్మకు నెగటివ్‌లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. రెండు రాత్రులు వెతికితే ఆ రోల్ దొరికింది, కరపత్రం దొరకలేదు. శాలువాల ఫ్రేములన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఆయనవి నాలుగూ ఉన్నాయి. నాలుగింటిలోనూ నేను చెప్పినట్టే కదలకుండా నిలబడి ఉన్నాడు, కాళ్ళు రెండూ నేల మీదే.

వాటికి ప్రింట్లు వేయించాను. వచ్చే ఆదివారం కూచిపూడి వెళ్ళి అగ్రహారంలో ఇల్లిల్లూ అడుగుతాను. ఇలాంటి పెట్టెలున్న స్టూడియోవాళ్ళకు నాదొక మనవి: ఈ వానాకాలం రాకముందే అటక మీది పెట్టె దించండి. ఫోటో వెనక ఆడినవారి పేరు, ఊరు, సంవత్సరం రాసి, వారి ఇంటివాళ్ళకు ఒక కాపీ ఇచ్చి రండి.