ఫాస్ట్‌ఫుడ్ వంటశాలలో అనుమాన ప్రమాణం

ఇంకా ఆర్డరు చెప్పని మనిషి కోసం ఎన్ని బర్గర్లు కాల్చి ఉంచాలి, ఏ గంటకు ఎంతమంది పనివారిని రప్పించాలి అన్నది పైకి వ్యాపార సమస్యగానే కనిపించినా, దాని అడుగున భారతీయ తార్కికులు శతాబ్దాల పాటు వాదించుకున్న ప్రశ్న ఒకటి ఉంది: ఇంకా జరగని దాన్ని గురించి కలిగే తెలివి ఏ మేరకు జ్ఞానమనిపించుకుంటుంది? ఒక గుర్తును ఆధారం చేసుకొని కంటికి కనబడని మరొకదాన్ని తెలుసుకొనే ప్రమాణాన్ని న్యాయదర్శనం అనుమానమంటుంది. న్యాయసూత్రాలు చెప్పిన మూడు విధాల అనుమానాల్లో కారణాన్ని చూసి రాబోయే కార్యాన్ని నిశ్చయించడం పూర్వవత్తు. మబ్బులు కమ్ముకోవడం చూసి వాన పడుతుందనుకోవడం దానికి ఆ సూత్రాల భాష్యకారుడు వాత్స్యాయనుడిచ్చిన ఉదాహరణ. నేటి ఫాస్ట్‌ఫుడ్ సంస్థలు ప్రిడిక్టివ్ ఎనలిటిక్స్ పేరుతో చేసే పని, అంటే గతంలోని అమ్మకాలు, వారం, వేళ, వాతావరణం వంటి వివరాలను గణాంక పద్ధతిలో ముడిపెట్టి వచ్చే గంటలో ఎందరు వస్తారో లెక్కకట్టడం, ఈ జాతికి చెందినదే.

దీనికి తోడుగా నడిచేది సిమ్యులేషన్. ఉన్న వంటశాలను కదపకుండా దాని నమూనాను కట్టి, కల్పిత కస్టమర్లను అందులోకి పంపి, వరుస ఎక్కడ పేరుకుంటుందో చూసే పద్ధతి అది. కంప్యూటర్ల కన్నా ముందే ఈ ఆలోచన వంటశాలకు చేరింది. 1948లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో వేగపు వడ్డన పద్ధతిని ప్రవేశపెట్టిన మెక్‌డొనాల్డ్ సోదరులు, తరువాత కొత్త వంటశాల కట్టబోయే ముందు దాని పటాన్ని టెన్నిస్ కోర్టు మీద సుద్దతో గీసి, పనివారిచేత ఉత్తుత్తి వంట చేయించి, ఏ సామాను ఎక్కడుంటే అడుగులు కలిసివస్తాయో చూసుకున్నారు. 1981 నాటికి బర్గర్ కింగ్ సంస్థలో ఈ పనిని కంప్యూటరు చేస్తున్న తీరును విలియం స్వార్ట్, లూకా డోన్నో ‘ఇంటర్‌ఫేసెస్’ పత్రికలో వివరించారు. సుద్దగీతల మీద తిరిగినవారు అలసిపోగల మనుషులు, అభ్యంతరం చెప్పగల మనుషులు. కంప్యూటరు నమూనాలో పనివాడు ఒక సేవా వ్యవధిగా, కొన్ని సెకన్ల సగటుగా మాత్రమే నిలుస్తాడన్న తేడా చిన్నది కాదు.

అనుమానం ఎక్కడ తప్పుతుందో కూడా తార్కికులు నిశితంగా చూశారు. ఆంధ్రదేశానికి చెందిన పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఉపాధి అనే దోషాన్ని వివరిస్తూ, నిప్పుంది గనుక పొగ ఉంటుందనడం చెల్లదనీ, పొగకు తడి కట్టెలు కూడా కావాలనీ చూపాడు. పైకి చెప్పని షరతు మీద ఆధారపడిన నియమం ఆ షరతు తొలగగానే కూలిపోతుందని దీని భావం. అమ్మకాల లెక్కకూ ఇటువంటి ఉపాధి ఒకటుంది: బిల్లు పుస్తకంలో తిన్నవారి పద్దే ఉంటుంది గాని, వరుసను చూసి వెనుదిరిగినవారి పద్దు ఉండదు. ఆ లెక్కను నమ్మి పనివారిని తగ్గిస్తే వరుస పెరుగుతుంది, వెనుదిరిగేవారు పెరుగుతారు, అమ్మకం తగ్గుతుంది, తగ్గిన అమ్మకం అంచనా నిజమేనని సాక్ష్యం చెబుతుంది. వాన పడుతుందని మనిషి ఊహించినంత మాత్రాన మబ్బు తీరు మారదు. ఈ అనుమానమైతే తాను తెలుసుకోబోయే లోకాన్నే మార్చివేస్తుంది. కనుక దీన్ని కేవలం జ్ఞానంగా పరిగణించడం పొరపాటు. అది ఆజ్ఞ కూడా, ఆజ్ఞ అయినప్పుడు అది ఎవరి మీద పడుతున్నదన్న ప్రశ్న తప్పదు.

ఖాళీగా నిలబడిన పనివాణ్ణి నష్టంగా చూసే దృష్టికి గణితమే ఎదురు చెబుతుందన్నది ఇక్కడ లోతుగా చూడవలసిన విషయం. టెలిఫోను పిలుపుల రాకను గురించి డెన్మార్కు గణితజ్ఞుడు ఎ.కె. ఎర్లాంగ్ 1909లో ప్రచురించిన పరిశోధనతో మొదలైన వరుసల సిద్ధాంతం, వచ్చేవారి రాకకు ఒక క్రమం లేనప్పుడు ఏమవుతుందో లెక్కించి చూపుతుంది. ఒకే కౌంటరు ఉండి, ఒక్కొక్కరికి సగటున 2 నిమిషాలు పట్టి, రాకా సేవా రెండూ యాదృచ్ఛికంగా హెచ్చుతగ్గులయ్యే చోట, గంటకు 24 మంది వస్తే వరుసలో సగటు నిరీక్షణ 8 నిమిషాలు. 27 మంది వస్తే 18 నిమిషాలు. 29 మంది వస్తే 58 నిమిషాలు. పనివాడి ఖాళీ సమయం గంటకు 12 నిమిషాల నుంచి 2 నిమిషాలకు తగ్గే లోపల నిరీక్షణ ఏడు రెట్లు దాటిపోయింది. అంటే అతడు చేతులు ఊరకే ఉంచుకున్న ఆ కొన్ని నిమిషాలు సోమరితనమూ కాదు, యజమాని దయా కాదు. త్వరగా వడ్డించడమన్నది సాధ్యమయ్యేదే ఆ ఖాళీ వల్ల. విశ్రాంతిని వ్యర్థమని కొట్టివేసే యాజమాన్యం తాను నమ్మిన శాస్త్రాన్నే సగం చదివినట్టు.

అంచనాలన్నీ అధర్మమని దీని అర్థం కాదు. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నాన్ని తోసిపుచ్చరాదన్న వ్రతాన్నీ, అన్నాన్ని సమృద్ధిగా సిద్ధం చేయాలన్న వ్రతాన్నీ, వచ్చినవారిని కాదనరాదన్న వ్రతాన్నీ దగ్గర దగ్గరగా చెప్పింది. రాత్రికి చెత్తబుట్ట పాలయ్యే ఆహారాన్ని తగ్గించే అంచనా మొదటి వ్రతానికి నిజంగా సేవ చేస్తుంది, దాన్ని ఆ మేరకు గౌరవించాలి. అయితే సమృద్ధిని చెప్పే వ్రతంలో వడ్డించేవారి చేతులు కూడా లెక్కలోకి రావాలి. ఆహారం మిగలకుండా చూసే అదే సాధనం చేతులూ మిగలకూడదని పట్టుబడితే, వచ్చినవారిని కాదనరాదన్న మూడో వ్రతానికే భంగం కలుగుతుంది.

అనిశ్చితి లెక్కతో మాయం కాదు, చేతులు మారుతుంది. మధ్యాహ్నం రద్దీ ఉండదని తేలగానే షిఫ్టు రద్దు చేసే వీలున్న చోట సంస్థకు ఖర్చు నిశ్చితమవుతుంది, పనివాడి వారపు కూలి అనిశ్చితమవుతుంది. మనిషిని ఎన్నడూ కేవలం సాధనంగా వాడరాదని 1785లో ఇమాన్యుయెల్ కాంట్ చెప్పిన నియమానికి ఇక్కడ చాలా స్థూలమైన పరీక్ష ఉంది: పనివాడు తన రేపటిని తాను నిర్ణయించుకోగలడా? న్యూయార్క్ నగరంలో 2017 నవంబరులో అమలులోకి వచ్చిన చట్టం, ఫాస్ట్‌ఫుడ్ గొలుసు సంస్థలు పనివేళలను 14 రోజుల ముందే తెలపాలనీ, ఆ తరువాత మారిస్తే అదనపు సొమ్ము చెల్లించాలనీ విధించింది. దీనివల్ల అంచనా తప్పిన భారంలో కొంత అంచనా కట్టినవారి మీదికే తిరిగివచ్చింది. పనివాడి సాయంత్రం నమూనాలో ఒక విలువగా నమోదయింది. ఆ విలువ డాలర్లలోనే నమోదు కావలసి వచ్చిందన్నది ఈ చట్టం తీర్చని కొరత. సొమ్ము చెల్లించి ఆ సాయంత్రాన్ని మార్చే అధికారం ఇప్పటికీ సంస్థదే. మార్చవద్దనే హక్కు మాత్రం, ముందు చెప్పని అదనపు గంటల విషయంలో తప్ప, పనివాడికి పూర్తిగా దక్కలేదు.