తడబడిన మర్నాడు

తెలిసిన జవాబే నోటికి రాక, ఇంటర్వ్యూ బోర్డు ముందు తలదించుకున్న క్షణం రాత్రంతా నిద్రపోనివ్వదు. వైమానిక దళంలో చేరాలని డెహ్రాడూన్ ఇంటర్వ్యూకు వెళ్లిన అబ్దుల్ కలాం 25 మందిలో 9వ స్థానంలో నిలిచారు. తీసుకున్నది 8 మందినే. ఆ దిగులుతో రిషికేశ్ వెళ్లి, స్వామి శివానందకు తన బాధ చెప్పుకున్నారు. ఆ తర్వాతే ఢిల్లీలో రక్షణ శాఖ ఉద్యోగంలో చేరారు. 2006లో రాష్ట్రపతి హోదాలో సుఖోయ్ యుద్ధవిమానంలో ఎగిరారు, నిజమే. నాకు మాత్రం రిషికేశ్‌లో మనసు విప్పడమే పెద్ద విషయమనిపిస్తుంది.

తమ్ముడూ, చెల్లెమ్మా! నిన్న మీరు తడబడి ఉంటే, ఈరోజు నమ్మకమైన ఒకరికి జరిగింది జరిగినట్టు చెప్పండి. అమ్మానాన్నలూ, పిల్లల్ని నిలదీయకండి. ముందు అన్నం పెట్టండి.