అంధుల ఈత - మన చేయూత

గౌతమీ తీరమున పుట్టి పెరిగిన మనకు ఈత ఒక విద్యగా తోచదు. నడక ఎట్లో ఈతయు అట్లే. రేవులో దిగి, నీళ్లు మ్రింగి, పెద్దలచేత చీవాట్లు తిని, ఎప్పుడు నేర్చితిమో తెలియకయే నేర్చినవారు మనలో పెక్కుమంది కలరు. అట్టి మనకు, చూపు లేనివారు ఈత పందెములలో ప్రపంచ విజేతలగుచున్నారని విన్నప్పుడు మొదట ఆశ్చర్యమును, పిదప జాలితో కూడిన మెప్పును కలుగుట సహజము. ఐతే ఆ మెప్పులో గౌరవము పాలెంత, జాలి పాలెంత అని విచారించుకొనుట మంచిదని మాకు తోచినది. ఈ వ్యాసమున మేము ఎత్తుకొనదలచిన ప్రశ్న ఒక్కటే: ఒకరి సాయమును పొంది గెలిచిన గెలుపు గెలిచినవారి సొంతమేనా?

ముందుగా ఆ పందెము జరుగు తీరు తెలిసికొందము. అంగవైకల్యము గలవారికై నడచు ప్రపంచ క్రీడలను పారాలింపిక్సు అందురు. ఇవి 1960లో రోము నగరమున ఆరంభమైనవి. చూపు లేనివారికి 1976లో కెనడా దేశపు టొరంటో నగరమున జరిగిన క్రీడలలో మొదటిసారి ప్రవేశము లభించెను. ఈతలో వీరిని ఎస్-11, ఎస్-12, ఎస్-13 అని మూడు తరగతులుగా విభజింతురు. ఎస్-11 అనునది చూపు బొత్తిగా లేనివారిదియు, ఉన్నను లేనట్లే యున్నవారిదియు. ఈ తరగతివారందరును నల్లగా కప్పిన కళ్లద్దములు ధరించియే నీటిలో దిగవలయును. ఒకరికి వెలుతురు జాడ తెలియవచ్చును, మరియొకరికి అదియును తెలియకపోవచ్చును. ఆ కొంచెపు భేదమైనను పందెమును చెరుపరాదని ఈ నియమము.

కొలను పొడవు 50 మీటర్లు. దాని రెండు కొనలయందును ఒక్కొక్క మనిషి, చివర మెత్తని ఉండ అమర్చిన పొడవాటి కఱ్ఱను పట్టుకొని నిలుచును. ఈదువారు గోడను సమీపించిన క్షణమున ఆ కఱ్ఱతో వారి తలనో వీపునో తాకును. అదియే సంజ్ఞ. 200 మీటర్ల పందెములో ఇట్టి స్పర్శలు నాలుగు. ఒక క్షణము ముందుగా తాకినచో బార తప్పును. ఒక క్షణము ఆలస్యమైనచో తల గోడకు కొట్టుకొనును. ఒక కొననుండి మరొక కొనకు చేరునంతవరకు ఈదువారికి తోడు తమ బారల లెక్కయు, ప్రక్కన తేలు త్రాటి తాకిడియు మాత్రమే. కన్ను లేనివారికి దేవుడు చెవిని రెండింతలు చేసి ఇచ్చునని మనవారు అనుచుందురు. నీటి హోరులో చెవి చేయగల సాయము స్వల్పము. అక్కడ పనిచేయునది వరము కాదు, ఏండ్ల తరబడి చేసిన సాధన.

ఈ సాధనకు నిదర్శనములు కలవు. 1964లో జన్మించిన ట్రిషా జోర్న్ అను అమెరికా వనిత పుట్టుకతోనే కంటిపాప చుట్టునుండు తెర లేక చూపు లోపించినది. ఆమె 1980 మొదలు 2004 వరకు ఏడు పారాలింపిక్సులలో పాల్గొని 55 పతకములు గెలుచుకొనెను. ఉపాధ్యాయినిగా పనిచేసి, పిమ్మట న్యాయశాస్త్రము చదివి ఆ వృత్తిలో ప్రవేశించెను. అమెరికా నౌకాదళమున పనిచేసిన బ్రాడ్ స్నైడర్ 2011 సెప్టెంబరు 7న ఆఫ్‌ఘనిస్థానమున మందుపాతర ప్రేలి రెండు కన్నులను కోల్పోయెను. సరిగా ఏడాది నిండిన దినమున, అనగా 2012 సెప్టెంబరు 7న, లండనులో 400 మీటర్ల ఈతలో బంగారు పతకము పొందెను. మన దేశమున నాగపురము రిజర్వు బ్యాంకులో ఉద్యోగిని యైన కాంచనమాలా పాండే 2017 డిసెంబరులో మెక్సికో నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో, నాలుగు విధముల ఈతను కలిపిన 200 మీటర్ల పందెమున బంగారు పతకము గెలిచెను.

ఇంతవరకు విని ఒకరు ఇట్లు అడుగవచ్చును: “వారి కష్టము గొప్పదే. కాని గోడ వచ్చినదని మరొకరు తట్టి చెప్పవలసి వచ్చినప్పుడు ఆ గెలుపు పూర్తిగా వారిదెట్లగును?” ఈ ప్రశ్న మొరటుదిగా కన్పట్టినను త్రోసివేయదగినది కాదు. మనలో చాలమంది పైకి అనకున్నను లోపల అనుకొనునది ఇదియే.

దీనికి సమాధానము కొలనులోనే ఉన్నది. చూపుగల ఈతగాండ్ర పందెమును పరిశీలింపుడు. కొలను అడుగున వారి దారి పొడవున నల్లని గీత యుండును. గోడకు కొంచెము ముందు ఆ గీత అడ్డగీతతో ముగియును. వెల్లకిల ఈదువారికి గోడ కనబడదు గనుక, గోడకు 5 మీటర్ల ముందు తలపైన చిన్న జెండాల తోరణము కట్టుదురు. ఆ జెండాలను చూచి, అక్కడనుండి బారలు లెక్కించుకొని వారు గోడను అందుకొందురు. ఆ గీతను గీసినది ఎవరు? ఆ తోరణమును కట్టినది ఎవరు? వేరొకరే గదా! ఐనను జెండాల సాయముతో గెలిచినాడని ఏ ఈతగానిని ఎవరును తక్కువచేయరు. జెండా కంటికి చెప్పునది, కఱ్ఱ చర్మమునకు చెప్పునది. రెండును చెప్పు మాట ఒక్కటే: గోడ వచ్చినది. తక్కిన ఈత అంతయు ఈదువారిదే.

కావున భేదము సాయములో లేదు, మన పేర్లు పెట్టుటలో ఉన్నది. ఎక్కువమందికి అక్కఱకు వచ్చు సాయమును మనము ‘ఏర్పాటు’ అనుచున్నాము. కొద్దిమందికి అక్కఱకు వచ్చుదానిని ‘దయ’ అనుచున్నాము. ఈ సంగతి మనకు ఎవరును బోధింప నక్కఱలేదు. తమిళము ప్రధాన భాషగా గల పుదుచ్చేరి ప్రాంతమున మనము కొద్దిమందిమి. యానాములో తెలుగును రాచకార్యములలో వాడవచ్చునని 1965 నాటి చట్టము చెప్పుచున్నది. మన భాషలో ఒక ప్రకటనయో, ఒక దరఖాస్తు పత్రమో వచ్చినప్పుడు అది మనపై చూపిన దయ యని ఎవరైన అన్నచో మన మనస్సు చివుక్కుమనదా? అది న్యాయమైన ఏర్పాటని మనము వాదింపమా? మనకై మనము కోరు ఆ మాటను అంధుల విషయమున నిరాకరించుట ధర్మము కాదు.

ఐతే సాయములన్నియు సమానములు కావు. ఈ పాఠమును మేము కొంత సిగ్గుపడి నేర్చుకొంటిమి. ఎదుర్లంకకు వంతెన పడక పూర్వము పంటుమీద ఏరు దాటుచుండిన దినములవి. మేము గుమాస్తా ఉద్యోగములో నుండగా ఒక ఉదయమున రేవులో చూపు లేని పెద్దమనిషి ఒకరు చేతికఱ్ఱతో పంటువైపు నడచుచుండిరి. మేము పుణ్యకార్యమని తలచి, ఒక్క మాటయైన అడుగక, ఆయన రెక్కపట్టుకొని బల్లమీదికి లాగితిమి. ఆయన తూలి, మోకాలిపై పడిరి. లేచి, పంచె దులుపుకొని, కోపము లేకుండ ఇట్లనిరి: “బాబుగారూ, నేను అడుగులు లెక్కెట్టుకుంటున్నానండి. మీరు లాగేసి లెక్క పోగొట్టేశారు. బల్ల ఎక్కడ మొదలో ఒక్కమాట చెప్పుంటే చాలునండి.” పంటు అవతలి గట్టు చేరువరకు మేము ఆయనవైపు తలెత్తి చూడలేకపోతిమి.

చాల ఏండ్ల తరువాత ఆ కొలనులోని కఱ్ఱను గూర్చి తెలిసికొన్నప్పుడు మాకు ఆ పెద్దమనిషి మాటయే జ్ఞప్తికి వచ్చినది. కఱ్ఱ పట్టినవాడు ఈదువానిని లాగడు, త్రోయడు, అతనికి బదులు ఈదడు. తెలియవలసిన ఒక్క సంగతిని తెలియవలసిన క్షణమున తెలిపి ఊరకుండును. ఊరకుండుటకై అతడు ఈదువాని ప్రతి బారను ఎరిగియుండవలయును, ఎన్నో దినములు అతనితో కూడ సాధన చేయవలయును. మేము రేవులో చేసినది దీనికి సరిగా విరుద్ధము. ఆయన లెక్కను ఎరుగము, ఎరుగవలయునని తలపము. చేయి మాత్రము ముందుకు చాచితిమి. ఎదుటివాని శక్తిని ఎరిగి చేసిన సాయము అతనిని నిలువబెట్టును. ఎరుగక చేసినది అతనిని పడద్రోయును.

ఇక అసలు రావలసిన సాయమే రాని సందర్భము కలదు. ఆ కాంచనమాలయే 2017 జూలైలో బెర్లిను నగరమున పోటీలకు పోయినప్పుడు, ఆమెకై మంజూరైన పైకము సకాలమున చేరలేదు. పరదేశమున, కన్ను కానని స్థితిలో, ఆమె అప్పుచేసి గడపవలసి వచ్చెను. అట్టి చిక్కులోను వెండి పతకము గెలిచి, ప్రపంచ పోటీలకు అర్హత సంపాదించెను. ఈ వృత్తాంతము పత్రికలలో వచ్చినప్పుడు చాలమంది ఆమె ధైర్యమును పొగడిరి. ధైర్యము పొగడదగినదే. కాని జీవితమంతయు జమాఖర్చులు వ్రాసిన మాకు ఇందులో ఒక తప్పు పద్దు కనబడుచున్నది. ఆమె ధైర్యము ఆమె ఖాతాలో జమ. పైకము చేరకపోవుట మన సంఘము ఖాతాలో బాకీ. మొదటిదానిని చూపి రెండవదానిని కొట్టివేయుటకు వీలులేదు. కొన నిలిచినవాడు కఱ్ఱ ఎత్తుట మరచినను ఈదువారు గోడను అందుకొనిరేని, కీర్తి ఈదినవారిది. మరచినవాడు నిర్దోషి కాడు.

మన దేశమున 2016లో వికలాంగుల హక్కుల చట్టము వచ్చినది. క్రీడలలో వారికి తగిన అవకాశములు కల్పింపవలసిన విధిని అది ప్రభుత్వములపై ఉంచినది. చట్టము అవసరమే. ఐనను ఆ చట్టము మన యింటి గడప దాటి లోనికి రాజాలదు. చూపు లేని బిడ్డ కలిగిన యింట తల్లిదండ్రులు భయముచేత వానిని అరుగు దిగనీయరు. ఆ భయము ప్రేమనుండి పుట్టినదే. దానిని మేము ఎగతాళి చేయము. గౌతమి లోతును, ఆటుపోటులను ఎరిగినవారెవరును చేయరు. కాని ఏటి ఒడ్డున నివసించు బిడ్డకు ఈత రాకుండుట మాత్రము క్షేమమా? జారిపడిననాడు ఏరు కన్నులున్నవో లేవో అడుగదు. తెలిసిన పెద్దవారు నడుమునకు త్రాడు కట్టి, లోతులేని చోట, ప్రక్కన నిలిచి నేర్పినచో ఆ బిడ్డకు ఈత పతకమునకు గాకున్నను ప్రాణమునకు పనికివచ్చును. అన్నిటికంటె మించి, తన ఒడలు తన చెప్పుచేతలలో నున్నదను నమ్మకము వానికి కలుగును.

1954 వరకు మన యానాము ఫ్రెంచివారి ఏలుబడిలో నుండెను. ఆ ఫ్రెంచి దేశముననే లూయీ బ్రెయిలు అను అంధుడు ఆరు చుక్కలతో వ్రేళ్లు చదువగల లిపిని కల్పించి 1829లో ప్రకటించెను. నేడు తెలుగును ఆ చుక్కలలో చదువుచున్నారు. ఆ లిపి అంధులకు బదులు చదివిపెట్టదు. వారే చదువుకొనుటకు వీలు కల్పించును. కొలనులోని కఱ్ఱయు, తోరణములోని జెండాయు చేయునది అదియే.

కావున మేము మొదట వేసిన ప్రశ్నకు మాకు తోచిన సమాధానమిది. గెలుపు ఈదినవారిదే. తట్టినవానికి దక్కునది తన విధిని వేళకు నెరవేర్చితినను తృప్తి, అది చిన్నది కాదు. ఇకమీదట వీథిలోగాని, బస్సు దగ్గరగాని చూపు లేనివారు ఎదురైనప్పుడు మన చేయి చాచుటకు ముందు “ఏమి చేయమందురు?” అని ఒక్క మాట అడుగుదము. వారు “అక్కఱలేదు” అన్నచో ఆ మాటను మన్నించి ప్రక్కకు తొలగుదము. ఆనాడు రేవులో మేము అడుగవలసిన మాట అదియే, అడుగకపోతిమి.