తలాఖ్ వేళ ఇంటి అమ్మకం

గుణదలలో ఏలూరు కాలువకు దగ్గరగా, రెండు గదుల డాబా ఇల్లు ఒకటి ఉందనుకుందాం. స్థలం భర్త జీతం డబ్బుతో కొన్నది. స్లాబు వేసే నాటికి చేతిలో డబ్బు చాలలేదు. భార్యకు పుట్టింటివారు పెట్టిన గాజులు, నెక్లెసు అమ్మి పని పూర్తి చేశారు. దస్తావేజు మాత్రం భర్త పేరనే ఉంది. పదిహేనేళ్ళు గడిచాయి. మనసులు విరిగాయి, మాట తలాఖ్ దాకా వచ్చింది. ఆమె ఇంకా ఆ వంటింట్లోనే ఉండగా ఒక సాయంత్రం ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వచ్చి గదులు కొలుచుకుని వెళ్ళారు. బేరం కుదిరింది. దస్తావేజులో ప్రభుత్వ విలువ మేరకే ధర రాశారు, మిగతాది సంచిలో నగదు. రేపు ఆమె మహ్ర్ అడిగినా, పిల్లల ఖర్చు అడిగినా "నా దగ్గర ఏముంది?" అని ఆ భర్త ఖాళీ చేతులు చూపించవచ్చు.

ఇది ఉదాహరణకు చెప్పుకున్నదే. ఎవరి ఇంటి గుట్టూ బయట పెట్టడం మా ఉద్దేశ్యం కాదు. అయితే మధ్యతరగతి కుటుంబానికి ఉన్న ఆస్తంతా చాలాసార్లు ఒక్క ఇల్లే. 2014లో రాష్ట్ర విభజన జరిగి రాజధాని ఈ ప్రాంతానికి వస్తుందన్న తర్వాత విజయవాడ చుట్టుపక్కల స్థలాలకు వచ్చిన గిరాకీ అందరికీ తెలిసిందే. ఒకప్పుడు తల దాచుకునే నీడగా ఉన్నది లక్షల రూపాయల సరుకయింది. కాబట్టి మన సోదరులు కొందరు వేసే ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పుకోవడం అవసరం. "నా ఇల్లు నేను అమ్ముకుంటే షరీఅత్ అడ్డు చెబుతుందా?" అన్నదే ఆ ప్రశ్న.

ముందుగా వారి వాదంలో ఉన్న నిజాన్ని ఒప్పుకుందాం. ఇస్లాంలో నికాహ్ జరిగినంత మాత్రాన భార్యాభర్తల ఆస్తులు కలిసిపోవు. పురుషుల సంపాదన పురుషులది, స్త్రీల సంపాదన స్త్రీలదని అన్నిసా సూరా 32వ ఆయతు బోధిస్తోంది. కనుక విడిపోయేటప్పుడు ఇల్లు సగం సగం చేయాలన్న నియమం మన ధర్మశాస్త్రంలో లేదు. కానీ "నా ఇల్లు" అన్న మాట నోటితో అన్నంత తేలిక కాదు. ఆ ఇంటి మీద, దాని ధర మీద ఆమెకున్న హక్కులు ఏమిటో చూద్దాం.

అన్నిటికన్నా ముందుది నివాసపు హక్కు. దివ్యఖుర్ఆన్‌లో అత్తలాఖ్ సూరా మొదటి ఆయతే దీనిని గురించి మాట్లాడుతోంది. తలాఖ్ ఇచ్చిన స్త్రీలను ఇద్దత్ గడువులో ఇళ్ళ నుండి వెళ్ళగొట్టరాదని, వారంతట వారూ వెళ్ళిపోరాదని అక్కడ ఆదేశం ఉంది. బహిరంగంగా నీతిమాలిన పనికి పాల్పడితే తప్ప ఈ ఆదేశానికి సడలింపు లేదు. ఇక్కడ ఒక్క పదం దగ్గర ఆగి ఆలోచించాలి. ఆయతులో 'బుయూతిహిన్న' అని ఉంది, అంటే 'ఆ స్త్రీల ఇళ్ళు' అని. సాధారణంగా ఆ ఇళ్ళు భర్తలవే. అయినా అల్లాహ్ వాటిని భార్యలకు చేర్చి పలికాడు! యాజమాన్యం ఎవరిదైనా నివాసం ఆమెదని వ్యాఖ్యాతలు ఇందులో నుండి గ్రహించారు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్పబడింది? కారణం కూడా ఆ ఆయతు చివరనే ఉంది. ఆ తర్వాత అల్లాహ్ ఏదైనా కొత్త పరిస్థితి కల్పించవచ్చునట. మొదటి, రెండవ తలాఖ్‌ల తర్వాత ఇద్దత్ ముగిసేవరకు భర్త ఆమెను మళ్ళీ స్వీకరించవచ్చు, కొత్త నికాహ్ అక్కరలేదు. ఋతుస్రావం ఉన్న స్త్రీకి మూడు ఋతుకాలాలు, గర్భవతికి ప్రసవం వరకు ఈ గడువు. ఒకే కప్పు కింద, ఒకే కుండలోని నీళ్ళు తాగుతూ, పిల్లవాడికి జ్వరం వస్తే ఇద్దరూ లేచి కూర్చుంటూ గడిపే ఆ నెలల్లో కోపం చల్లారవచ్చు. ఆ ఇల్లే అమ్మేస్తే ఆమె పుట్టింటికి, అతను అద్దె గదికి. అల్లాహ్ తెరిచి ఉంచిన తలుపుకు బయానా డబ్బు తీసుకుని మనమే తాళం వేసినట్టు కాదా?

అదే సూరా 6వ ఆయతు మరో మాట చెబుతోంది. మీ స్తోమతును బట్టి మీరుండే చోటే వారినీ ఉంచండి, వారిని ఇరుకున పెట్టేందుకు బాధించకండి అన్నది దాని భావం. తిరిగి కలిసే వీలులేని తలాఖ్‌లోనూ ఇద్దత్ వరకు నివాసమూ ఖర్చూ భర్తదేనని హనఫీ ధర్మవేత్తల తీర్పు. మాలికీ, షాఫయీ ధర్మవేత్తలు కూడా నివాసం వరకు ఒప్పుకున్నారు. హంబలీ పండితుల అభిప్రాయం వేరు.

ఇక బంగారం సంగతి. గాజులు ఆమెవి, పుట్టింటివారు ఆమెకు ఇచ్చినవి. వాటిని అప్పుగా ఇచ్చిందా, ఇంటిలో వాటాగా పెట్టిందా, మనస్ఫూర్తిగా కానుక ఇచ్చిందా? చాలా ఇళ్ళలో ఆ రోజున ఈ మాటే అనుకోరు. మొగుడూ పెళ్ళాల మధ్య కాగితాలేమిటి అనుకుంటారు. అప్పు లావాదేవీలు రాసి పెట్టుకోమని, సాక్షులను ఉంచుకోమని చెప్పే అల్ బఖరా 282వ ఆయతు దివ్యఖుర్ఆన్‌లోని ఆయతులన్నిటిలో పొడవైనది. దాన్ని చదివి పుణ్యం సంపాదిస్తాం గాని ఇంట్లో అమలు చేయం. రాసుకోని పాపానికి ఆమె హక్కు ఎగిరిపోదు. ఆ రోజు ఏమనుకుని ఇచ్చిందో ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు, ఇద్దరికీ తెలిసిన సంగతి అల్లాహ్‌కూ తెలుసు.

మహ్ర్ గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. నికాహ్ నాడు అందరి ముందు ఒప్పుకుని చెల్లించకుండా ఉంచినది భర్త మెడ మీద ఉన్న అప్పు. ఇచ్చినది బంగారు గుట్ట అయినా వెనక్కి తీసుకోవద్దని అన్నిసా 20వ ఆయతు వారిస్తుంటే, ఇవ్వవలసినది ఎగవేయడానికి ఇల్లు నగదుగా మార్చడాన్ని ఏమనాలి?

అసలు విషం ఆ నగదులోనే ఉంది. ఇల్లు అమ్మడం దానంతట అది హరామ్ కాదు. ఇద్దత్ గడిచాక, ఆమెకు ఇవ్వవలసినది ఇచ్చి, అందరికీ తెలిసేలా అమ్ముకుంటే ఎవరూ వేలెత్తి చూపరు. ధరను దాచిపెట్టడానికే నగదు అడుగుతున్నారంటే తమ పని న్యాయం కాదని వారికే తెలుసన్నమాట. దైవప్రవక్త (స) కాలంలో సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య విడిపోవాలని కోరినప్పుడు మహ్ర్‌గా పొందిన తోట సంగతి వచ్చింది. తోట తిరిగి ఇస్తావా అని ప్రవక్త (స) ఆమెను అడిగారు, ఆమె ఇస్తానన్నది. తోట తీసుకుని తలాఖ్ ఇవ్వమని సాబిత్‌కు చెప్పారు. సహీహ్ బుఖారీలో ఉన్న ఉదంతం ఇది. ఆస్తి పేరు చెప్పి, అడిగి, ఒప్పుకుని జరిగిన వ్యవహారం అది. సంచులు, చీకటి బేరాలు లేవు.

మరో సంఘటన. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మరణ వ్యాధిలో ఉండగా ఒక భార్యకు తలాఖ్ ఇచ్చారు. ఆయన మరణించాక ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆమెకు వారసత్వ వాటా ఇప్పించారు. అబ్దుర్రహ్మాన్ (రజి) మహనీయులు, ఆయన ఉద్దేశాన్ని శంకించడానికి లేదు. అయినా తలాఖ్ వల్ల స్త్రీ హక్కు గాలికి పోయే దారి ఏర్పడకూడదని ఖలీఫా జాగ్రత్త పడ్డారు. ఇమాం మాలిక్ (రహ్మలై) 'మువత్తా'లో ఈ తీర్పు నమోదయింది.

మన దేశ చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం భార్యకు తాను కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు ఇచ్చింది, ఆ ఇంటిని అమ్మకుండా భర్తను ఆపే అధికారం మెజిస్ట్రేటుకు ఇచ్చింది. అత్తమామల పేర ఉన్న ఇంటికి కూడా ఈ హక్కు వర్తించవచ్చని సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో తీర్పు చెప్పింది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ భవిష్యత్తుకు తగిన ఏర్పాటు ఇద్దత్ లోపలే చేయాలని, ఆ ఏర్పాటు ఇద్దత్ వరకే పరిమితం కాదని 2001లో డానియల్ లతీఫీ కేసులో అదే కోర్టు అన్నది. 2024 జూలై 10న తెలంగాణకు చెందిన ఒక దంపతుల కేసులో, విడాకులైన ముస్లిం స్త్రీ కూడా సాధారణ చట్టం కింద భరణం కోరవచ్చని స్పష్టం చేసింది. ఆ కేసులో హైకోర్టు నెలకు 10,000 రూపాయల మధ్యంతర భరణం నిర్ణయించింది. ఇక స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు పుచ్చుకోవడం 2015 జూన్ 1 నుండి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధమే. తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా కట్టవలసి రావచ్చు.

కొనే సోదరుడితో కూడా ఒక మాట. చవగ్గా వస్తోందని సంబరపడి లోపల ఎవరుంటున్నారో అడగకుండా అడ్వాన్సు ఇస్తున్నారు. ఈసీలో అప్పులు కనబడతాయి గాని వంటింట్లో ఉన్న ఆమె కనబడదు. ఆ ఇంటి హక్కు మీదే దావా నడుస్తుండగా కొన్నవాడు కోర్టు తీర్పుకు కట్టుబడవలసిందే. పరలోక లెక్క అంతకన్నా కఠినం. జానెడు భూమిని అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ఏడు భూముల పట్టీ వేయబడుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. తెలిసి తెలిసి అన్యాయానికి డబ్బు సమకూర్చినవాడు నాకేం తెలుసు అని తప్పించుకోగలడా?

న్యాయం ఒకవైపే చెబితే అన్యాయమే. కొందరు భర్తలు తమ కష్టార్జితంతో కొని భార్య పేర రాయిస్తారు. కానుకగా ఇచ్చి ఉంటే అది ఆమెదే. ఇచ్చిన కానుకను వెనక్కి అడగడాన్ని ప్రవక్త (స) కక్కిన దానిని తిరిగి తినే కుక్కతో పోల్చారు. కానీ కానుక కాదని, సౌకర్యం కోసం పేరు పెట్టామని ఇద్దరికీ తెలిసినప్పుడు, గొడవ రాగానే అన్నదమ్ములను వెంటబెట్టుకుని గుట్టుగా అమ్మేసే సోదరి కూడా అమానత్‌లో ద్రోహం చేసినట్టే.

హజ్రత్ ఉమ్మె సలమా (రజి) చెప్పిన హదీసు ఒకటుంది. వారసత్వపు ఆస్తి గురించి ఇద్దరు మనుషులు వాదులాడుకుంటూ వచ్చారు. ఎవరి దగ్గరా సాక్ష్యం లేదు. వాదనా పటిమతో ఎవరైనా తన ద్వారా తోబుట్టువు హక్కును గెలుచుకుంటే అది నిప్పు ముక్క అని, దాన్ని తీసుకోవద్దని ప్రవక్త (స) చెప్పారు. ఇద్దరూ ఏడ్చారు, నా హక్కు నీకే అని ఒకరితో ఒకరు అన్నారు. అలాగైతే న్యాయం చూసుకుని పంచుకోండి, చీట్లు వేసుకోండి, ఒకరినొకరు క్షమించుకోండి అని ఆయన పంపించారు. అబూదావూద్‌లో ఉన్న హదీసు ఇది. మన జమాత్ పెద్దలు తలాఖ్ పంచాయితీకి కూర్చున్నప్పుడు ఎవరిది తప్పు అన్న చర్చతోనే రాత్రి గడిపేస్తారు. ఇంటి దస్తావేజు, నికాహ్‌నామా, అమ్మిన బంగారం లెక్క ముందు బల్ల మీద పెట్టించి, ఇద్దత్ తీరేదాకా అమ్మకం లేదని అతనిచేత రాయిస్తే ఎంత బాగుంటుంది!

ఇప్పటికే అమ్మేసినవారి సంగతి కూడా అడుగుతారు. డబ్బు చేతిలో ఉన్నా ఖర్చయినా అప్పు అప్పే. వచ్చిన అసలు ధర ఎంతో ఆమెకు నిజం చెప్పాలి. మహ్ర్, ఆమె బంగారం విలువ, ఇద్దత్ నాటి అద్దె, తిండి ఖర్చు తీసి ఆమెకు చేర్చాలి. ఒక్కసారి కాకపోతే వాయిదాల మీద, సాక్షుల ముందు చెల్లించాలి. ఆమె చనిపోయి ఉంటే ఆ మొత్తం ఆమె వారసులది.