శౌచం, శస్త్రచికిత్స, అర్హత
పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్‌లో, ఆగని రక్తస్రావం, పేగుకు చిల్లు, క్యాన్సర్ వంటి ఉపద్రవాలు తలెత్తినప్పుడు, శస్త్రవైద్యులు పెద్దపేగును తొలగించి, చిన్నపేగు కొసను పొట్టగోడ మీదికి తెచ్చి విసర్జనకు దారి కల్పిస్తారు. ఇలియోస్టమీ అనే ఈ ద్వారం అంచును వెలుపలికి మడిచి కుట్టే పద్ధతిని బ్రయన్ బ్రూక్ 1952లో ప్రచురించాడు. ఈ ద్వారాన్ని బిగించే కండరం ఉండదు కనుక, మలం సంకల్పంతో నిమిత్తం లేకుండా సంచిలో చేరుతుంటుంది. ఆరాధనకు శౌచం, అనగా శుచిత్వం, అవసరమనుకుంటే, అటువంటి వ్యక్తి ఆరాధనకు అర్హుడేనా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

ఇస్లాంలోని హనఫీ ధర్మశాస్త్రం ఎడతెగని స్రావం గలవారిని 'మాజూర్', అనగా తగిన కారణంతో మినహాయింపు పొందినవారిగా గుర్తించి, ప్రతి నమాజు వేళకు ఒకసారి వజూ, అనగా ముఖాదుల ప్రక్షాళనం, చేస్తే చాలంటుంది. యోగసూత్రాల వ్యాసభాష్యం శౌచాన్ని బాహ్యమనీ ఆభ్యంతరమనీ విభజించి, రెండవదాన్ని చిత్తమలాల క్షాళనంగా నిర్వచిస్తుంది.

శౌచం మనిషి పాటించవలసిన నియమమైతే, సంకల్పానికి అందని దేహవ్యాపారం నియమభంగం కాజాలదు. మలం ప్రతి దేహంలోనూ ఉన్నదే. శస్త్రచికిత్స మార్చినది దాని దారిని మాత్రమే. సంచిని, చుట్టూ ఉన్న చర్మాన్ని శ్రద్ధగా శుభ్రపరచుకోవడంతో బాహ్యశౌచమూ నెరవేరుతుంది కనుక, అర్హతను నిరాకరించడానికి హేతువు మిగలదు.