ఎనిమిదో ప్రశ్న

ఫారం ఇంగ్లీషులో ఉంది కాబట్టి నింపే పని నాకు పడింది. "పోయిన నెల్లో, మూత్రం పూర్తిగా అవలేదని ఎన్నిసార్లు అనిపించింది? అసలు లేదు, ఐదింట ఒకసారి కన్నా తక్కువ, సగం కన్నా తక్కువ..." అని నేను తెలుగు చేసి చదువుతుంటే, ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన నాన్న నవ్వేశారు. "లెక్కపెట్టుకుంటూ కూర్చుంటానట్రా?"

రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారంటే "రెండు" అన్నారు. పక్కనున్న అమ్మ "నాలుగు" అంది. నేను 2 వేశాను. బాధ ఆయనది, జవాబూ ఆయనదే కదా అనుకున్నాను.

ఆ ఫారం పేరు ఐపీఎస్ఎస్. ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5, మొత్తం 35. 7 దాకా స్వల్పం, 8 నుంచి 19 మధ్యస్థం, ఆపైన తీవ్రం. నాన్నకి 7 వచ్చింది. అమ్మ మాట రాసుంటే 9. నా పెన్నుతో ఒక మనిషిని ఒక గడిలోంచి ఇంకో గడిలోకి జరిపేశాను.

తర్వాత ధార వేగం కొలిచే యంత్రం. సెకనుకు 8 మిల్లీలీటర్లు. 10 లోపు వస్తే అడ్డు ఉందని అనుమానిస్తారు. నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. సాఫ్ట్‌వేర్‌లో మా అలవాటే అంత. యూజర్ ఏం చెప్పినా "లాగ్స్ చూద్దాం" అంటాం. నాన్న దాచిందాన్ని యంత్రం పట్టేసిందనుకున్నాను.

కానీ ఆ 8కి కారణం గొట్టం ఇరుకవడమా, తోసే కండరం నీరసించడమా? ధార యంత్రానికి తెలీదు. అది తెలియాలంటే మూత్రాశయంలోకి సన్నటి గొట్టం వేసి, పోసేటప్పుడు లోపలి పీడనం కొలవాలి. ధార గరిష్ఠంగా ఉన్నప్పటి పీడనంలోంచి ఆ ధారకి రెట్టింపు తీసేయాలి. 40 దాటితే అడ్డు ఉన్నట్టు, 20 లోపైతే లేనట్టు. మధ్యలో వస్తే యంత్రం కూడా ఏమీ తేల్చదు. నాన్న పీడనం 30. 30లోంచి 16 పోతే 14. అడ్డు లేదు, కండరమే అలిసిపోయింది. ప్రోస్టేట్ ఆపరేషన్ వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండకపోవచ్చన్నారు డాక్టర్.

అంటే ఫారం ఓడి యంత్రం గెలిచిందా? నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఫారానికి కారణం తెలీదన్నది నిజమే. అదే ప్రశ్నలు ఆ వయసు ఆడవాళ్లని అడిగితే ఇంచుమించు అవే మార్కులొచ్చాయి, వాళ్లకి ప్రోస్టేటే లేదు. అయితే ఇంగ్లండులో 26 ఆసుపత్రుల్లో 820 మంది మగవాళ్లతో ఒక అధ్యయనం చేశారు, పేరు అప్‌స్ట్రీమ్, ఫలితాలు 2020లో వచ్చాయి. ఈ పీడన పరీక్షని అందరికీ మామూలుగా చేస్తే ఆపరేషన్లు తగ్గుతాయా అని చూస్తే, తగ్గలేదు. రోగులు ఎలా ఉన్నారన్నది దేంతో కొలిచారు? పద్ధెనిమిది నెలల తర్వాత, ఇదే ఐపీఎస్ఎస్‌తో. యంత్రం పనికొచ్చిందో లేదో చివరికి చెప్పాల్సింది మళ్లీ మనిషే.

అడ్డు ఎక్కడుందన్న ప్రశ్నకి మనిషి మాట బలహీనమైన సాక్ష్యం. ఎంత బాధగా ఉందన్న ప్రశ్నకి అది సాక్ష్యం కాదు, అదే విషయం. దాన్ని సరిచూడటానికి వేరే యంత్రం ఉండదు. అందుకే ఆ మాటని రాసుకునేవాడి బాధ్యత పెద్దది. కొడుకు ముందు, ఇంగ్లీషు ఫారం ముందు, సిగ్గుపడుతూ చెప్పిన "రెండు"ని రాసుకోవడం నాన్నని నమ్మడం అనుకున్నాను. అది నమ్మడం కాదు, పని తెముల్చుకోవడం.

ఆ ఫారంలో మార్కుల్లో కలవని ఎనిమిదో ప్రశ్న ఒకటుంది. జీవితాంతం ఇలాగే ఉంటే మీకెలా ఉంటుంది? ఆసుపత్రిలో నాన్న "పర్లేదు" అంటే ఆ గడిలో టిక్కు పెట్టేశాను. మొన్న రాత్రి, ఫారం లేకుండా, వసారాలో కూర్చుని మళ్లీ అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు.

"నాకలవాటైపోయిందిరా. నేను లేచినప్పుడల్లా మీ అమ్మా లేస్తోంది, ఎక్కడ పడిపోతానో అని. అది ఏ గడిలో రాస్తావు?"