మృతులకు హక్కు కలదా?

పఠన భాగము: ఆమోసు 2:1–3, మత్తయి 27:57–66

దక్షిణ ఢిల్లీలోని వసంత్ కుంజ్ నేడు మేడలతోను అంగళ్లతోను నిండిన నివాసస్థలము. దాని ప్రక్కనే సుల్తాన్ ఘారీ అను పురాతన సమాధి గలదు. సుల్తాను ఇల్తుత్‌మిష్ తన కుమారుడైన నాసిరుద్దీన్ మహమూద్ కొరకు 1231లో దీనిని కట్టించెను. భూమి లోపల గుహవలెనున్న గదిలో ఆ రాకుమారుడు పాతిపెట్టబడెను. ఆ కట్టడపు రాళ్లలో కొన్ని అంతకు పూర్వపు దేవాలయములవి. కుమారుని కొరకు దుఃఖించిన తండ్రి కట్టించిన సమాధిలో సయితము పరుల పవిత్రస్థలపు రాళ్లు చేరియున్నవి.

పొరుగుననున్న మెహ్రౌలీలో మరి రెండు సమాధులు గలవు. మొదటిది అక్బరు చక్రవర్తి దాది కుమారుడగు అధమ్ ఖానుది. హత్య చేసినందుకు 1562లో అక్బరు ఆజ్ఞచే ఇతడు చంపబడెను. 1830వ దశకములో బ్లేక్ అను కంపెనీ ఉద్యోగి ఆ సమాధి మందిరమును తన నివాసముగా మార్చుకొని, భోజనశాలకు అడ్డమని గోరీని తొలగించెను. అటుతరువాత అది పోలీసు ఠాణాగాను తపాలా కార్యాలయముగాను ఉపయోగపడెను. కర్జన్ ప్రభువు ఆజ్ఞతోనే గోరీ మరల తన చోటికి చేరెను. రెండవది అధమ్ ఖాన్ సోదరుడగు కులీ ఖానుది. దానిని 1840వ దశకములో థామస్ మెట్కాఫ్ దిల్కుషా అను విడిది గృహముగా మార్చుకొనెను. ఈ ఇద్దరు అధికారులును క్రైస్తవ దేశమునుండి వచ్చినవారే.

ఇట్టి క్రియలు ఒక్క ఢిల్లీకి చెందినవి కావు. ప్రాచీన రోమీయుల న్యాయశాస్త్రము ప్రకారము శవము పాతిపెట్టబడిన స్థలము పవిత్రము. సాధారణ ఆస్తివలె దానిని అమ్ముటకు గాని కొనుటకు గాని వీలులేదు. తన సమాధిలో అన్యుని ఉంచినవాడు ఖజానాకు ఇంత సొమ్ము చెల్లింపవలెనని అనేకులు రాతిమీద చెక్కించిరి. అయినను పురావస్తు శాస్త్రజ్ఞులకు దొరికిన రాతి శవపేటికలలో పాత పేరు గీకివేసి క్రొత్త పేరు చెక్కినవి గలవు. 349లో కాన్‌స్టాన్స్ చక్రవర్తి ఒక శాసనము చేసెను. సమాధుల స్తంభములను, చలువరాళ్లను ఊడబెరుకువారిని, వాటిని కాల్చి సున్నము చేయువారిని శిక్షించుటయే దాని ఉద్దేశము. అప్పటికి రాజ్యమేలువారు క్రైస్తవులు. రోము నగరపు భూగర్భ సమాధులలో క్రైస్తవులు సయితము అన్యుల సమాధి ఫలకములను వెనుకకు త్రిప్పి, తమ మృతుల పేర్లు చెక్కిరి. కావున ఈ విషయములో సంఘము ఇతరులకు తీర్పు తీర్చుటకు ముందు తన్ను తాను పరీక్షించుకొనవలసియున్నది.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టుచున్నది. మృతునికి నొప్పి లేదు, ఆకలి లేదు, అవమానము తెలియదు. అట్టివానికి నష్టము కలుగుట ఎట్లు? విశ్వాసి విషయములో ఈ ఆక్షేపణ మరింత బలమైనది. సముద్రమును తనలోని మృతులను అప్పగించునని యోహాను దర్శనము తెలుపుచున్నది (ప్రకటన 20:13). అగ్నికి ఆహుతియైన హతసాక్షికి సమాధియే లేదు. పునరుత్థానము దేవుని శక్తిపై ఆధారపడియున్నదే గాని రాతి గట్టితనముపై కాదు. 5వ శతాబ్దములో హిప్పో బిషప్పగు అగస్టీను, నోలాలోనున్న పౌలీనస్ అడిగిన ప్రశ్నకు ప్రత్యుత్తరమిచ్చుచు, మృతులయెడల చూపవలసిన శ్రద్ధను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. భూస్థాపన వైభవము ఆత్మకు మేలు చేకూర్చదని ఆయన అంగీకరించెను. అయినను మృతదేహములను తృణీకరింపరాదనియు, వాటిని గౌరవముతో పాతిపెట్టుట ప్రేమధర్మమనియు బోధించెను.

ఇందలి మర్మము గ్రహింపదగినది. అన్యాయమునకు కొలత బాధ మాత్రమే కాదు. మరణశయ్యపైనున్న వానికి ఇచ్చిన మాటను అతడు పోయిన మరునాడే త్రోసివేసినవానిని లోకము నమ్మకద్రోహి అనును. అడుగువాడు లేడు గనుక ఆ మాట చెల్లకపోలేదు. సమాధియు అట్టి మాటయే. మృతుడు దానిని కాపాడుకొనజాలడు, కాపాడినవారికి ప్రతిఫలమీయజాలడు. సౌలును పాతిపెట్టిన యాబేష్గిలాదు వారి క్రియను దావీదు ఉపకారమని మెచ్చుకొనుటకు కారణమిదే (2 సమూయేలు 2:5).

ఆమోసు ప్రవచనము ఈ సత్యమును మరింత విస్తరింపజేయుచున్నది. మోయాబు ఎదోము రాజు ఎముకలను కాల్చి సున్నము చేసెను. చేసినవాడు ఇశ్రాయేలీయుడు కాడు. మృతుడును ఇశ్రాయేలీయుడు కాడు. అయినను దేవుడు దానిని దోషముగా ఎంచి మోయాబుకు తీర్పు తీర్చెను. కాబట్టి మృతుని గౌరవము అతని మతముపై ఆధారపడియుండలేదు. సుల్తాను కుమారుని గోరీకి గల హక్కే తెలుగు నేలపై పేరు తెలియని మృతులకును గలదు. ములుగు జిల్లా దామరవాయి కొండలపైనున్న ప్రాచీన శిలాసమాధులు ఇట్టివి. వీటిని జనులు రాక్షసగుళ్లందురు. గుప్తనిధుల ఆశతో ఇట్టి సమాధులను త్రవ్వువారు నేటికిని గలరు. వాటిలో సాధారణముగా నుండునవి కుండలు, ఇనుప పనిముట్లు, పూసలు, ఎముకలు మాత్రమే.

అట్లయిన ఒకసారి వాడిన సమాధిని మరల తెరచుట ఎల్లప్పుడును పాపమా? కాదు. మోయాబీయుల గుంపును చూచి భయపడినవారు తాము మోయుచున్న శవమును ఎలీషా సమాధిలో పడవేయగా ఆ మృతుడు బ్రదికెను (2 రాజులు 13:21). దేవుడు ఆ అక్కరను గద్దింపలేదు. ప్రభువు సయితము పరుల సమాధిలోనే పరుండెను. అయితే అరిమతయియ యోసేపు తన కొరకు తొలిపించుకొన్న ఆ క్రొత్త సమాధిని తానే ఇచ్చెను. ఒకడు ప్రేమతో ఇచ్చిన చోటికిని, ఎదురు చెప్పలేనివానియొద్దనుండి లాగుకొన్న చోటికిని భేదమిదే.

నగర సంఘములకు ఈ భేదము నేడు మిక్కిలి అవసరము. సమాధుల తోటలలో స్థలము చాలక పాత సమాధులను మరల త్రవ్వవలసిన దినములివి. అక్కర నిజమే. కాని ఏ సమాధి ముందుగా తెరువబడుచున్నది? చలువరాయి పరచిన ధనవంతునిదా? మట్టిదిబ్బ తప్ప మరేమియు లేని బీదరాలిదా? బేతేలులో సమాధులను త్రవ్వించుచున్న యోషీయా ఒక గురుతును చూచి, అది ఎవరిదని విచారించి, దైవజనుని ఎముకలను కదల్పవద్దనెను (2 రాజులు 23:17, 18). సంఘ పెద్దలును పార పట్టించుటకు ముందు అట్లే విచారింపవలెను. కుటుంబికులున్నయెడల వారి సమ్మతి పొందవలెను. ఎముకలను ప్రార్థనతో అదే నేలలో మరల ఉంచవలెను. రాయి లేకపోయినను భూస్థాపన రిజిస్టరులో ఆ పేరు చెరిగిపోకుండ కాపాడవలెను. ఆ బీదరాలి పేరును దేవుడు మరువలేదు. ఆయన ఆమెను పిలుచు దినమువరకు ఆమె పేరును జ్ఞాపకముంచుకొనుట ఆయన ప్రజల బాధ్యత.